"నీళ్లు రావట్లేదు" అంటే ఏమిటి? విశాఖలో ఒక కొండవాలు వీధి కథ

ఫిర్యాదుల పుస్తకంలో ఆ వీధి నుంచి వచ్చినవన్నీ ఒకే వాక్యం: "నీళ్లు రావట్లేదు." తేదీలు వేరు, చేతిరాతలు వేరు, వాక్యం మాత్రం అదే. పక్కనే ఉన్న వాల్వు రిజిస్టర్ తీసి చూస్తే, ఆ తేదీల్లో దాదాపు ప్రతి పొద్దున్నా నీళ్లు వదిలినట్టు టైముతో సహా రాసి ఉంది. అంటే వీళ్లో వాళ్లో ఎవరో అబద్ధం చెబుతున్నారు, ఎవరో తేల్చుకురండి అన్నట్టుగా మమ్మల్ని పంపించారు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదని తేలడానికి నాకు ఐదు వారాలు పట్టింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఇంజనీర్‌ని కాదు. నీటి సరఫరా ప్రాజెక్టుల్లో జనంతో మాట్లాడే పని నాది. పైపులు, పంపులు, వాల్వులు వేరేవాళ్లు చూసుకుంటారు. రిపోర్టులో చివర "ప్రజాభిప్రాయం" అని ఒక చాప్టర్ ఉంటుంది కదా, ఎవరూ చదవనిది, అది నేను రాస్తాను. వీధి పేరు ఇక్కడ రాయను. విశాఖలో ఇలాంటివి చాలా ఉన్నాయి: కొండ మొదట్లో రెండు మూడు అపార్ట్‌మెంట్లు, వాటి వెనక డాబా ఇళ్లు, ఆ పైన మెట్లు, మెట్లకి రెండు పక్కలా రేకుల ఇళ్లు, కొన్నిటి మీద ఈమధ్యనే వేసిన శ్లాబులు. బీచ్‌కి మరీ దూరం కాదు. పైమెట్టు మీద నిలబడితే సముద్రం మొత్తం కనబడుతుంది. అక్కడ నిలబడే ఒకావిడ నాతో అంది, "సూడండి మేడమ్, కళ్లెదుట ఇన్ని నీళ్లు, బిందెలో సుక్క లేదు" అని. ఆ మాట ఊరికే ఎత్తిపొడుపుగా అంది గానీ ఈ ఊరి నీళ్ల కథంతా అందులోనే ఉంది.

ఎందుకంటే విశాఖకి తనదంటూ ఒక నది లేదు, చాలా నీళ్లు దూరం నుంచే రావాలి. తాటిపూడి నీళ్లు గోస్తనీ నదివి, ఆ రిజర్వాయర్ ఉన్నది విజయనగరం జిల్లాలో. రైవాడ శారదా నది మీదిది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అది అనకాపల్లి జిల్లా కిందకి వెళ్లింది, అక్కడి రైతులు ఆ నీళ్లు మా పొలాలకే కావాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఏలేరు కాలువ నీళ్లు ఇంకా దూరం నుంచి, ఏలేశ్వరం వైపు నుంచి నూటయాభై కిలోమీటర్లకు పైగా నడిచి వస్తాయి, చాలనప్పుడు వాటికి గోదావరి నీళ్లు తోడు చేస్తారు. మరి వాటిమీద స్టీల్ ప్లాంటుకీ పరిశ్రమలకీ కూడా లెక్క ఉంది. ఊరికి దగ్గరగా ఉన్నవి మేఘాద్రిగెడ్డ, బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ముడసర్లోవ, గంభీరంగెడ్డ లాంటివి. పేర్లు చూడండి, గెడ్డ, వాక, రెండూ వాగుకి పేర్లే. హనుమంతవాకలో ఇప్పుడు వాక ఎక్కడుందో కుర్రవాళ్లని అడిగితే చెప్పలేరు, ఊరి మధ్యలో గెడ్డ అంటే మురికి కాలువ అనే అర్థం స్థిరపడిపోయింది. 2005లో గాజువాకనీ చుట్టూ ఉన్న ఊళ్లనీ కలిపి మహా విశాఖ చేశారు, తర్వాత అనకాపల్లి, భీమిలి కూడా కలిశాయి. ఊరు పెరిగినంత తేలిగ్గా గెడ్డలు పెరగవు కదా.

ఇదంతా ఆ వీధిలో ఎవరికీ తెలియదని నేను అనుకుని వెళ్లాను. కొందరికి నాకంటే బాగా తెలుసు. పైవీధిలో ఒక తాత పేపర్లో రిజర్వాయర్ల నీటిమట్టాలు వేసినప్పుడల్లా కత్తిరించి దాచుకుంటాడు. "తాటిపూడి దిగిపోతే మాకు రోజు విడిచి రోజు, అది ముందే తెలిసిపోద్ది" అంటాడు. ఆయన లెక్క ప్రతిసారీ నిజం కాదు, ఆ వీధికి వచ్చేవి ఏ రిజర్వాయర్ నీళ్లన్నది రోజును బట్టి మారుతుంటుంది. కానీ ఏ చిన్న సమాచారం దొరికినా దాన్ని పట్టుకుని రేపు నీళ్లొస్తాయో లేదో ఊహించుకునే అలవాటు ఆ వీధి మొత్తానికి ఉందని నాకు ముందు తెలిసింది ఆయన వల్లే.

మొదటి సర్వే వృథా

మేం పట్టుకెళ్లిన ఫారంలో ముప్పయ్యి పైచిలుకు ప్రశ్నలున్నాయి. పదకొండోది: "మీకు సరఫరా అయ్యే నీరు సరిపోతోందా? అవును, కాదు, కొంతవరకు." ఈ ప్రశ్న తయారుచేసింది నేనే, అందుకే సిగ్గుపడకుండా చెబుతున్నాను, దీనివల్ల ఏ ఉపయోగమూ లేదు. పైమెట్ల దగ్గర ఒంటరిగా ఉండే ముసలావిడని అడిగితే "సరిపోద్ది తల్లీ, ఎందుకు సరిపోదు, ఉన్నంతలో సరిపెట్టుకోడమే కదా" అంది. అవును దగ్గర టిక్కు పెట్టాను. ఆవిడకి దొరికేవి రోజుకి మూడు బిందెలు, అవీ పక్కింటివాళ్లు పట్టి పెడితే. కింద డాబా ఇంటాయన గేటు దగ్గరే నిలబెట్టి, పైపుతో స్కూటర్ కడుగుతూ, "అస్సలు సరిపోవట్లేదు మేడమ్, రాయండి" అన్నారు. కాదు దగ్గర టిక్కు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే ట్యాంకు. ఈ రెండు టిక్కుల్ని కూడి సగటు తీస్తే దేనికి పనికొస్తుంది?

ఇంకో తప్పు కూడా చేశాం. పదకొండు గంటలకి వెళ్లేవాళ్లం. ఆ టైముకి ఇళ్లల్లో ఉండేది ముసలివాళ్లు, బాలింతలు, నైట్ డ్యూటీ చేసి పడుకున్న మగవాళ్లు. నీళ్లు పట్టే ఆడవాళ్లు అప్పటికే పనుల్లోకి వెళ్లిపోయి ఉంటారు. నీళ్ల గురించి నీళ్లు పట్టనివాళ్లని అడిగి వచ్చామన్నమాట. నాలుగో రోజున ఒకావిడ, పొరుగిళ్లల్లో పనికి వెళ్లే మనిషి, జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోయి దొరికింది. నన్ను చూసి నవ్వింది. "మళ్లీ రాసుకోడానికొచ్చారా మేడమ్? మీ ముందు ఇద్దరొచ్చి రాసుకెళ్లారు. నాకు ఎన్ని బిందెలని అడగొద్దు. ఎప్పుడొస్తాయో ఒక్క ముక్క సెప్పండి సాలు, ఎన్నొస్తే అన్నిటితో మేం సూసుకుంటాం."

ఈ కేసు మొత్తంలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి అదే, తర్వాత చేసినవన్నీ దాన్ని అర్థం చేసుకునే ప్రయత్నాలే. ఆవిడ ఆరున్నరకి పనిలో ఉండాలి. నీళ్లు కొన్ని రోజులు ఐదింటికి వస్తాయి, కొన్ని రోజులు ఏడింటికి. ఐదింటికి వస్తే పట్టుకుని వెళ్లొచ్చు. ఏడింటికి వచ్చే రోజున ఆగితే అమ్మగారి మాటలు పడాలి, నెలలో మూడుసార్లు అలా జరిగితే ఆ ఇంట్లో పని పోతుంది. ఆగకుండా వెళ్లిపోతే సాయంత్రానికి చుక్క ఉండదు. ఆరోజు ఆవిడ ఫోన్ చేసి చెప్పే ఫిర్యాదు "నీళ్లు రావట్లేదు." రిజిస్టర్‌లో మాత్రం ఏడూ ఐదు నుంచి ఏడూ యాభై ఐదు వరకు వదిలినట్టు ఉంటుంది. రెండూ నిజమే. నీళ్లొచ్చాయి, అప్పటికి ఆవిడ ఇంట్లో లేదు.

బిందె, ఫోన్‌లో స్టాప్‌వాచ్

ఫారాలు పక్కన పెట్టేసి, తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్లడం మొదలుపెట్టాం. పెద్ద పరికరాలేమీ లేవు. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బిందె, ఫోన్, ఒక నోట్‌బుక్. కింది డాబా ఇళ్ల దగ్గర ఆ బిందె యాభై సెకన్లలో నిండింది. ఒక యాభై నిమిషాలు వదిలారంటే ఆ ఇంటి సంపులో 900 లీటర్లు పడినట్టు. పైమెట్ల దగ్గర అదే బిందెకి ఆరు నిమిషాలు పట్టింది. యాభై నిమిషాల్లో ఎనిమిది బిందెలకి కాస్త పైన, 125 లీటర్లు, ఇంట్లో ఐదుగురు ఉంటే మనిషికి 25. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణం, అంటే ఐదుగురి ఇంటికి 675 లీటర్లు, నలభై అయిదు బిందెలు. ఈ అంకె పైవీధిలో చెబితే ఒకమ్మాయి పకపకా నవ్వింది. "నలభై అయిదు బిందెలా? పెట్టుకోడానికి చోటేదండీ?"

ఎందుకింత తేడా అన్నది మా ఇంజనీర్ గారు నాకు ఒక మెట్టు మీద కూర్చోబెట్టి చెప్పారు. ట్యాంకు కొండ భుజం మీద ఉంది, చూడ్డానికి చాలా ఎత్తు. కానీ పైవీధి కుళాయిలకీ ట్యాంకు అడుగుకీ మధ్య ఎత్తు తేడా ఎనిమిది మీటర్లే. ఒక అంతస్తు ఇంటికి కుళాయి దగ్గర నీళ్లు కనీసం ఏడు మీటర్ల ఎత్తుకి ఎక్కేంత ఒత్తిడి ఉండాలంటారు. అంటే కాగితం మీద సరిపోతుంది. పైపులో ఎవరూ నీళ్లు లాగకపోతే! కింద అందరూ ఒకేసారి తిప్పితే దారిలోనే ఆ ఒత్తిడి కరిగిపోతుంది, పైకి చేరేది సన్నటి ధార. దానికి తోడు కింద కొన్ని ఇళ్లల్లో సర్వీసు పైపుకి నేరుగా అర హార్స్‌పవర్ మోటార్ బిగించి లాగుతున్నారు. ఎన్ని ఇళ్లల్లో అని ఎవరూ చెప్పరు, మేమూ గట్టిగా అడగలేదు. ఐదింబావుకి వీధిలో నిలబడి చెవులు పెట్టి వింటే చాలు, గోడల వెనక నుంచి తుమ్మెదల్లా ఆ రొద.

ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించింది మోటార్లు కావు, వాటి గురించి ఎవరు ఏమనుకుంటున్నారన్నది. పైవీధి నమ్మకం: "కిందోళ్లు నీళ్లబ్బాయికి డబ్బులిస్తారు, అందుకే వాళ్లకి ఎక్కువ వదుల్తాడు." కిందివీధి నమ్మకం: "పైన ఓట్లు ఎక్కువ, లీడర్లు చెబితే వాళ్లకి రెండు గంటలు వదుల్తారు, మాకు ఒత్తిడి తగ్గిపోతోంది, అందుకే గతిలేక మోటార్ పెట్టుకున్నాం." రెండు వైపులా ఇంత గట్టిగా నమ్మేది ఒకే మనిషి గురించి. నీళ్లబ్బాయి అంటే అబ్బాయేమీ కాదు, యాభై దాటిన వాల్వు ఆపరేటర్, ఆ పేరు పాతికేళ్ల క్రితం పడి అలా ఉండిపోయింది. ఆయనతో రెండు రోజులు తిరిగాను. ఒక పెద్ద ఇనుప తాళంచెవి లాంటి కడ్డీ భుజాన వేసుకుని ఆరు వాల్వులు వరసగా తిప్పుతాడు, ఒక్కో దానికి పదుల కొద్దీ చుట్లు. ట్యాంకులో మట్టం చాలినంత లేకపోతే ఆగుతాడు. ఎందుకు లేదో ఆయనకీ తెలియదు. పంపింగ్ దగ్గర కరెంటు పోయిందా, పైపు పగిలిందా, ఎవరూ ఆయనకి చెప్పరు, పైకెక్కి ట్యాంకు పక్కన గేజీ చూసుకుంటే తెలుస్తుంది, అంతే. "ఎందుకు లేటని నన్నే తిడతారమ్మా. నాకే తెలీదంటే దాస్తున్నాననుకుంటారు. అందుకే మాటాడ్డం మానేశాను." ఆయన మాట్లాడ్డం మానేశాడు కాబట్టే లంచం కథ పుట్టిందని నా అభిప్రాయం. రుజువు లేదు. కానీ చాలా ఊళ్లలో చూశాను, కారణం తెలియని చోట జనం ఖాళీ ఉంచరు, తమకి తెలిసిన కారణంతో నింపేస్తారు, మనకి తెలిసిన కారణాల్లో లంచం ఎప్పుడూ ముందుంటుంది.

మందు వాసన, టీడీఎస్ మీటరు

నీళ్ల పరిమాణం సంగతి సగమే. రెండో సగం, "అవి తాగే నీళ్లు కావు" అన్నది. ఇక్కడ అపార్ట్‌మెంటు, పైవీధి ఒకే మాట మీద ఉన్నాయి, కారణాలే వేరు.

పైవీధిలో "మందు వాసన" అంటారు. అది క్లోరిన్. కుళాయి చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, దారిలో ఎక్కడైనా మురికి కలిస్తే దాన్ని చంపడానికి. అంటే ఆ వాసన ఉన్న రోజు నీళ్లు భద్రంగా ఉన్నట్టు, ఏ వాసనా లేని రోజే అనుమానించాలి. కానీ జనం నమ్మకం సరిగ్గా తిరగబడి ఉంది. పాతవాళ్లకి కొండ ఊట నీళ్ల రుచి గుర్తు. "అవి అమృతం, ఇవి మందు" అంటారు. క్లోరిన్ ఎంతుందో రంగుతో చెప్పే క్లోరోస్కోప్‌లో రంగు చూపించి నేను ఎంత చెప్పినా తాత వినలేదు. "వాసనొచ్చేది మంచిదా? అన్నం పాచిపోతే కూడా వాసనొస్తాది మరి" అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. నీళ్లని మూత లేని గిన్నెలో కాసేపు ఉంచితే ఆ వాసన తగ్గుతుందని చెప్పడం ఒక్కటే పనిచేసింది.

అపార్ట్‌మెంటువాళ్లది చదువుకున్న అనుమానం. అసోసియేషన్ సెక్రటరీ గారు జేబులోంచి పెన్ను తీసినట్టు టీడీఎస్ మీటరు తీసి నాకు చూపించారు, లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెప్పేది. వాళ్ల బోరు నీళ్లు ఉప్పు. బీచ్‌కి దగ్గరగా అందరూ బోర్లు వేసి లాగేసరికి సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొస్తుంది, మీటరు రెండు వేలు దాటి చూపిస్తోంది. తాగడానికి 500 లోపు ఉంటే మంచిదని భారత ప్రమాణం, వేరే దారే లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. అదే మీటరు కుళాయి నీళ్లలో పెడితే రెండు వందల చిల్లర. "మరి ఇవి బావున్నాయి కదండీ?" అంటే, "బావున్నాయి గానీ నమ్మలేం" అన్నారు. అందుకని కుళాయి నీళ్లనీ బోరు నీళ్లనీ ఒకే సంపులో కలిపేసి, ఇంటింటికీ ఆర్‌వో పెట్టుకుని, పైగా ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుంటున్నారు. వచ్చిన మంచి నీళ్లని ఉప్పు నీళ్లతో కలిపి, మళ్లీ ఉప్పు తీయడానికి మిషను పెట్టి, అది బయటికి వదిలే నీళ్లు డ్రైనేజీలో పోస్తున్నారు. ఇది ఎవరి తెలివితక్కువతనమూ కాదు. సంపు ఒకటే ఉంది, రెండోది తవ్వాలంటే పార్కింగ్‌లో రెండు కార్ల చోటు పోతుంది, ఆ మీటింగ్ ఎప్పుడూ తేలదు.

టీడీఎస్ మీటరు ఉప్పుని చూపిస్తుంది, క్రిముల్ని చూపించదు అన్న సంగతి మాత్రం చాలామందికి కొత్త. అందుకని ఒక ఆదివారం రామాలయం అరుగు మీద చిన్న పరీక్ష పెట్టాం. హెచ్‌టూఎస్ సీసాలని ఉంటాయి, చిన్న గాజు సీసాలు, లోపల కాగితం ముక్క. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉంటే నల్లబడతాయి. పైవీధి కుళాయిలోంచి నేరుగా పట్టినవి, అవే నీళ్లు డ్రమ్ములో రెండు రోజులు ఉన్నాక తీసినవి, అపార్ట్‌మెంటు సంపువి, నీళ్లు వదిలిన మొదటి నిమిషంలో పట్టినవి. మంగళవారం సాయంత్రం అందరూ మూగారు. నేరుగా పట్టినవి నల్లబడలేదు. డ్రమ్ములవి చాలావరకు నలుపు. మొదటి నిమిషం నీళ్లు రెండింటిలో ఒకటి నలుపు.

మొదటి నిమిషం ఎందుకంటే, రోజంతా ఖాళీగా ఉన్న పైపులో ఒత్తిడి పడిపోయి, ఎక్కడైనా సందు ఉంటే బయటి మురుగుని అది లోపలికి పీల్చుకుంటుంది. మన కొళాయి పైపులు చాలాచోట్ల కాలువలోంచే పోతాయి కదా. డైరెక్టుగా మోటార్ పెట్టి లాగితే ఆ పీల్చుడు ఇంకా పెరుగుతుంది. ఇది విన్నాక కింద ఒకాయన, మోటార్ ఉన్నాయనే, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు. చట్టం గురించి రెండుసార్లు నోటీసిచ్చినా తీయని మోటార్ ఆ వారం తీసేశారు. ఇంట్లో ఏడాదిన్నర మనవరాలు ఉంది.

డ్రమ్ముల సంగతి కష్టం. గ్లాసు ముంచి తీయకండి, మూత పెట్టండి, వారానికోసారి ఖాళీ చేసి కడగండి అని చెప్పడం తేలిక. ఖాళీ చేయమంటే ఒకావిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. దోమల వాళ్లు కూడా ప్రతి శుక్రవారం డ్రై డే అని వచ్చి ఇదే చెబుతారట, వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, వీళ్లు ఖాళీ చేయకుండానే మూత పెట్టేస్తారట. ఎందుకని కూర్చుని అడిగితే హుద్‌హుద్ కథ బయటికొచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. రేకులు లేచిపోయాయి, స్తంభాలు పడిపోయాయి, కరెంటు లేదు, పంపింగ్ లేదు. రోజుల తరబడి ట్యాంకర్ వచ్చినా కింద రోడ్డు దాకే, మెట్లమీద చెట్లు పడి ఉన్నాయి. ఆ వీధిలో అప్పుడు నిండు డ్రమ్ము ఉన్న ఇల్లు ఒకటే, పదిళ్ల పిల్లలు అందులోంచి తాగారు. ఆ ఇంటావిడే ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్నది. ఆవిడని డ్రమ్ము ఖాళీ చేయమని నేనెలా చెప్పను? అలాగే 2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకయ్యాక మేఘాద్రిగెడ్డ నీళ్లంటే చాలామందికి భయం పట్టుకుంది. ఆ వీధికి వచ్చేవి అవేనో కాదో తెలియకపోయినా "ఆ నీళ్లేమో" అని క్యాన్లు మొదలుపెట్టిన ఇళ్లు ఇంకా ఆపలేదు. ఇలాంటి జ్ఞాపకాలు నీటి నాణ్యత రిపోర్టుతో పోవు. డ్రమ్ముకి అడుగున చిన్న కుళాయి బిగించడం ఒక్కటే చేయగలిగాం, చెయ్యి ముంచకుండా. అది అందరికీ నచ్చింది, ప్లంబర్ కుర్రాడికి రెండు వారాలు చేతినిండా పని.

చేసినవి, చెడినవి

ఐదో వారం చివర మేం పెట్టిన ప్రతిపాదన చాలా చిన్నది. పైవీధి వాల్వు విడిగా ముందు తిప్పాలి, కింద మూసి ఉండగా, ఒక గంట. తర్వాత కింద. ఏ టైముకి అన్నది ఖరారు చేసి ఆ టైము తప్పితే కారణం చెప్పాలి. ఇంజనీర్లకి మొదటిది నచ్చింది, రెండోది నచ్చలేదు. "టైము రాస్తే రేపు అదే పట్టుకుని అడుగుతారు" అన్నారు. అడగాలనే కదా అని నేను. రెండు మీటింగులు దీనికే అయిపోయాయి.

పైవీధిలో బిందె రెండున్నర నిమిషాల్లో నిండడం మొదలైంది. గంటలో ఇరవై నాలుగు బిందెలు, 360 లీటర్లు. ప్రమాణంలో సగం కంటే కాస్త ఎక్కువ. గొప్ప విజయమని ఎవరూ అనలేరు, అయినా పైపు మార్చకుండా, రూపాయి ఖర్చు లేకుండా వాల్వుల వరస మార్చితే వచ్చింది.

టైము చెప్పడానికి మెట్ల మొదట్లో టీ కొట్టు గోడకి నల్లబోర్డు పెట్టించాం. నీళ్లబ్బాయికి వాట్సాప్‌లో టైప్ చేయడం రాదు, వాయిస్ మెసేజ్ పెట్టడం వచ్చు. "ఈ రోజు ట్యాంకు సగమే ఉందమ్మా, ఆరున్నరకి వదుల్తాను, కాసేపే వస్తాయి" అని ఆయన గొంతుతో మెసేజ్ రావడం మొదలయ్యాక లంచం మాట దాదాపు వినబడలేదు. మొదట్లో నంబర్ ఇవ్వడానికి ఆయన బాగా భయపడ్డాడు, రాత్రిళ్లు ఫోన్లు చేసి తిడతారని. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చి ఇస్తే ఒప్పుకున్నాడు. ఫోన్ లేని ముసలావిడకి పక్కింటి పిల్ల వినిపిస్తుంది.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. మొదటి నెలలో ఫిర్యాదులు తగ్గలేదు, పెరిగాయి. దాదాపు రెట్టింపు. మా పై అధికారులకి కోపం వచ్చింది, మీ పనివల్ల జనం ఇంకా ఎగబడుతున్నారని. నేను ఆ ఫిర్యాదులన్నీ అచ్చు తీసి బల్లమీద పెట్టాను. పాతవాటిలో అన్నీ "నీళ్లు రావట్లేదు." కొత్తవాటిలో: "ఐదుంబావు అని బోర్డు మీద రాశారు, ఐదూ నలభైకి వచ్చాయి." "మూడో మెట్టు మలుపు దగ్గర పైపు కారుతోంది, కింద తడి." "మా ఇంట్లో మొదటి బిందె ఎర్రగా వచ్చింది, రెండోది బావుంది." ఇలాంటివి చదివితే ఇంజనీర్ ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. మూడో మెట్టు మలుపు దగ్గర నిజంగానే కీలు వదులైపోయి ఉంది, అది బిగించాక ఎర్రనీళ్లు ఆగాయి. ఎవరూ వినరని తెలిసినవాడు ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు, వింటారనుకుంటే వివరం రాస్తాడు. ఫిర్యాదుల సంఖ్య తగ్గడమే లక్ష్యంగా పెట్టుకునే ఆఫీసులంటే నాకు అప్పటినుంచీ కొంచెం అనుమానం.

చెడినవీ ఉన్నాయి. ఊళ్లో కొన్ని చోట్ల 24 గంటల నీటి పథకం వస్తోంది కదా, దాని గురించి కూడా అభిప్రాయం కనుక్కోమన్నారు. పైవీధిలో పదిమందిని కూర్చోబెట్టి రోజంతా నీళ్లొస్తాయి, డ్రమ్ములక్కర్లేదు అని సంబరంగా చెప్పాను. వాళ్లు విన్నది ఒక్క మాటే: మీటరు. "రోజంతా ఎందుకండీ, మేం రోజంతా ఇంట్లో ఉంటామా? గంటొచ్చినా టైముకొస్తే సాలు. మీటరొస్తే పక్కింటావిడకి బిందె ఇవ్వడానికి కూడా లెక్క సూసుకోవాలి." ఆ బిందె సంగతి నా ఫారంలో ఎక్కడా లేదు. ఒంటరి ముసలావిడకి మూడు బిందెలు వచ్చేది అలాగే కదా. అపార్ట్‌మెంటులో అదే పథకం చెబితే మీటరు గురించి ఎవరూ అడగలేదు, "మరి బోరు కనెక్షన్ తీసేయాలా?" అని అడిగారు. ఎవరి భయం వాళ్లది. ఆ రోజు నేను నోట్స్ తక్కువ రాసుకున్నాను, వాదించడం ఎక్కువైంది.

కింద ఇంకా మోటార్లున్నాయి. మనవరాలి కోసం తీసేసినాయన సంగతి చెప్పి మిగతావాళ్లు మారతారనుకున్నాం, మారలేదు. కింద ఒత్తిడి బావుండే కొత్త వరసలో కూడా మోటార్ వేస్తూనే ఉన్నారు. అలవాటు, పక్కవాడు వేస్తాడేమోనన్న భయం.

నల్లబోర్డు మూడు నెలలు చక్కగా నడిచింది. తర్వాత నీళ్లబ్బాయికి కంటి ఆపరేషన్ అయి ఇరవై రోజులు సెలవు పెట్టాడు, ఆయన బదులు వచ్చిన కుర్రాడికి గ్రూపు సంగతే ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు ఏడింటికి వదిలాడు. రెండో రోజు పైమెట్ల నుంచి నలుగురు ఆడవాళ్లు దిగి, ఐదింటికే వాల్వు దగ్గర నిలబడ్డారు. వాళ్లలో పొరుగిళ్లల్లో పనిచేసే ఆవిడ కూడా ఉంది. ఏం చేశారని తర్వాత అడిగితే, "ఏటి సేస్తాం మేడమ్, ముందు ఏ వాల్వు తిప్పాలో, ఎన్ని సుట్లో మేమే సెప్పాం. నీళ్లబ్బాయి తిప్పినప్పుడు సూసినాం కదా" అంది. ఆ ఇరవై రోజులూ గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు ఆవిడ ఫోన్ నుంచే వెళ్లాయి.